మా బొందల మీద మీ గడ్డపార

'గుర్తు తెలియని దుండగులు' అని రాసింది పేపరు. జిల్లా ఎడిషన్‌లో ఒక మూలకు నాలుగే నాలుగు లైన్లు. మా ఊరి బొందలగడ్డలో పదకొండు శిలువలు విరగ్గొట్టిన్రు. రెండు గోరీల మీది బండలు గడ్డపార పెట్టి పెకిలించుక పోయిన్రు. పక్కన్నే ఉన్న పాత గుడి కిటికీలు పలగ్గొట్టిన్రు. ఇంత చేసినోళ్ళు గుర్తు తెలియని దుండగులట. ఇప్పటిదాక వాళ్ళ గుర్తు ఎవరికీ తెల్వనే లేదు. స్టేషన్‌లో కూసున్న సారు ఇంకో అడుగు ముందుకు పోయి, 'తాగుబోతు పోరగాళ్ళ పనమ్మా, దీన్ని పెద్దగ చెయ్యకున్రి' అన్నడు.

నేను దీన్ని పెద్దగ చెయ్యడానికే రాస్తున్న.

తాగుబోతు పోరగాళ్ళు ఊర్లో అంతటా తిరుగుతరు. తాగి ఒక్కనాడు గూడ దొర గడి గోడ మీద రాయి వెయ్యరు. పెద్ద పటేలు మామిడితోటలో ఆయన తండ్రికి కట్టిచ్చిన పాలరాతి సమాధి మీద చెయ్యి వెయ్యరు. తాగినోనికి ఒళ్ళు తెల్వకపోవచ్చు గని కులం తెలుస్తది. ఏ రాయి ముడితే చెయ్యి విరుగుతదో, ఏ రాయి ముడితే ఎవడూ అడగడో వానికి మత్తులో సుత ఎరుకే. కాబట్టి తాగుడు ముచ్చట పక్కన పెట్టండి.

చర్చి మీద దాడి అనంగనే మీ దగ్గర ఒక పెట్టె తయారుగా ఉంటది. దాని మీద 'మత ఘర్షణ' అని రాసి ఉంటది. అందులో వేసి మూత పెడతరు. ఒక పక్క హిందువులు, ఒక పక్క క్రైస్తవులు, నడుమ శాంతి కమిటీ. రెండు దిక్కుల పెద్దమనుషులు చెయ్యి చెయ్యి కలిపి ఫోటో దిగుతరు. మా ఊర్లో ఆ రెండు దిక్కులూ ఎవరో చూడండి. ఒక దిక్కు ఊరు. ఇంకో దిక్కు మాదిగవాడ. వెయ్యేండ్ల కిందట గీసిన గీత అది. గీత మీద శిలువ బొమ్మ గీసినంత మాత్రాన అది కొత్త గీత అయితదా? తెలంగాణ పల్లెల్లో చర్చి మీద పడే గడ్డపార మతం కంటే ముందు కులం మీద పడుతుంది. అది పగలగొట్టేది యేసు గుర్తును కాదు, మా తాతముత్తాతల పేర్లను. నా వాదన ఇంతే. మిగతాదంతా దీనికి రుజువు.

మాకు పేరు ఎక్కడిది? మీ ముత్తాత పేరు పహాణీలో ఉంటది. మక్తా కాగితంలో ఉంటది. గుడి ధ్వజస్తంభం మీద, బావి గచ్చు మీద, బడి గోడ మీద చెక్కి ఉంటది. మా ముత్తాత పేరు ఎక్కడుంటది? భూమి లేనోడు పహాణీలో ఎక్కడు. బావి కట్టిచ్చే స్థోమత లేనోని పేరు బావి మీద ఉండదు. ఆ బావి తవ్వినోడు అతనే అయినా సరే. ఊరోళ్ళ నోట్లో అతను 'ఎల్లిగాడు', 'మల్లిగాడు'. వెట్టికి పిలిచేటప్పుడు అదీ లేదు, 'ఓరి మాదిగోడా' అంటే చాలు. మా ఆడోళ్ళకైతే సగం పేరు కూడ లేదు. ఫలానోని పెండ్లాం, ఫలానోని తల్లి.

అట్లాంటి మనిషికి నిండు పేరు పెట్టి, దాన్ని అక్షరాల్లో రాసి, ఆ కాగితాన్ని బీరువాలో దాచిన మొదటి జాగ మిషన్ గుడి. బాప్తిస్మం రిజిష్టరులో ఎల్లిగాడు ఏలియా అయిండు. పెండ్లాం పేరు రాసిన్రు, తల్లి పేరు రాసిన్రు, ఊరు రాసిన్రు, తారీఖు వేసిన్రు. చచ్చిపోతే బొందలగడ్డల రాయి నాటిన్రు. ఆ రాయి మీద 'గాడు' లేదు. 'గారు' ఉంది. మాదిగోని పేరు వెనుక 'గారు' అని మా ఊర్లో మొదటిసారి చెక్కింది ఆ రాతి మీదనే. అది కూడ అతను సచ్చినంక.

మా ముత్తవ్వ బైబిలు స్త్రీగ పని చేసింది. సంచిల పుస్తకం వేసుకోని ఊరూరు నడిచేది. మా వాడలో చదువొచ్చిన మొదటి ఆడమనిషి ఆమెనే. ఆమె తర్వాత మా ఇంట్ల మళ్ళ చదువు రెండు తరాలు ఆగిపోయింది. మా తాత జీతముండె. మా బాపు జీతముండి, సింగరేణికి పోయి బాయి దగ్గర బదిలీ పని చేసి మమ్మల్ని సాదిండు. నేను డిగ్రీ చదివి, బీఎడ్ చేసి, సర్కారు బడిలో టీచరునైన. మా ఇంట్ల డిగ్రీ కాగితం ముట్టిన మొదటి మనిషిని నేనే. ముత్తవ్వకూ నాకూ నడుమ ఉన్న దారం ఆ గోరీ మీది బండ ఒక్కటే. ఆమె పేరు, ఆమె చేసిన పని, ఆమె పోయిన ఏడు దాని మీదున్నయి. పెకిలించుక పోయిన రెండు బండల్లో ఒకటి ఆమెది. ఇయ్యాల అది ఎవరింటి ముందట బట్టలుతికే బండ అయ్యిందో.

'రాయి పోతే ఇంకో రాయి పెట్టుకోండి' అని సర్పంచి దగ్గరున్న పెద్దమనిషి అన్నడు. అయ్యా, మీ పట్టా పాసుబుక్కు చిరిగిపోతే తహసీలు ఆఫీసులో దానికి ఇంకో నకలు ఉంటది. మా రాయికి నకలు లేదు.

ఇది మా ఇంటి ఒక్క దుఃఖమే అనుకోవద్దు. మా ఊరు గోదావరికి ఇవతల, పాత కరీంనగర్ జిల్లాలో. నా ఉద్యోగం అవతల, పాత ఆదిలాబాద్‌లో. అక్కడ ఎనిమిదో తరగతి పిల్లలకు సాంఘికశాస్త్రంలో ఒక పని ఇచ్చిన. మీ ఇంట్ల ఎన్ని తరాల పేర్లు దొరుకుతయో అడిగి రాసుక రండి అని. భూములున్న ఇండ్ల పిల్లలు అయిదు తరాలు, ఆరు తరాలు రాసుకొచ్చిన్రు. కొందరు భూమి కాగితాల జిరాక్సు సుత తెచ్చిన్రు. మా పిల్లలు తాత పేరు దగ్గర ఆగిపోయిన్రు. ఒక పిల్లగాడు 'మా తాతకు తన తాత పేరు యాదికి లేదట టీచర్' అన్నడు. క్లాసంత నవ్వింది. వాడవాళ్ళ పిల్లల్లో ఒక్క పిల్ల మాత్రం నాలుగు తరాలు రాసింది. ఎక్కడ దొరికిందే అని అడిగిన. 'బొందలగడ్డకు పోయి చూసి రాసుకొచ్చిన టీచర్' అన్నది. ఆ పిల్ల నోటుబుక్కుల గోరీ మీది అక్షరాలు ఉన్నవున్నట్టు దించుకొచ్చింది. తప్పుగ చెక్కిన ఒత్తు సుత అట్లనే దించింది.

మా చరిత్ర పుస్తకం ఇదే. మీరు గడ్డపార పెట్టింది ఈ పుస్తకం మీదనే.

ఇక మీ దగ్గరున్న మొదటి వాదన: అవి తెల్లోళ్ళ గుర్తులు, దొరతనం గుర్తులు. ఈ మాట ఒకప్పుడు ఎర్రజెండా పట్టుకున్న మిత్రులు కూడ అన్నరు. ఇప్పుడు కాషాయం కట్టినోళ్ళు అంటున్నరు. ఇద్దరికీ ఒకటే జవాబు.

వెస్లియన్ మిషనోళ్ళు నిజాం రాజ్యంలకు వచ్చింది 1880 ప్రాంతంలో. సికింద్రాబాదులో మొదలై ఆ దశాబ్దంలోనే కరీంనగర్ దిక్కు వచ్చిన్రు. వచ్చిన తెల్ల మనుషులు ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. మరి ఊరూరుకు తిరిగింది, కలరా ఊర్లల్ల పీనుగులు ఎత్తింది, రాత్రిబడి నడిపింది ఎవరు? ఉపదేశులు, బైబిలు స్త్రీలు. వాళ్ళంతా మాలోళ్ళు, మాదిగోళ్ళు. మెదక్ చర్చి చూడండి. 1914లో మొదలుపెట్టి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేసిన్రు. మొన్న 2024లో నూరేండ్లు నిండినయి. చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టిచ్చిండని బడిపిల్లగానికి సుత తెలుసు. కరువు కాలంల తిండిగింజలకు రాయి మోసింది ఎవరు? సున్నం దంచింది ఎవరు? పదేండ్లు మోసినోళ్ళ పేర్లు అక్కడికి వచ్చిపోయే యాత్రికుల్లో ఎవరికి తెలుసు? లక్సెట్టిపేటలో ఇప్పటికీ నిలబడ్డ రాతి చర్చి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. అది లండన్ నుంచి ఓడల దిగిన రాయి కాదు. మా తాతల బుజాల మీద దిగిన రాయి. తెల్లదొర నక్ష గీసిండు. గుడి మేము కట్టినం.

తెల్లోళ్ళ గుర్తు అంటే మీకు అంత మంట ఉంటే హైదరాబాదులో రేమండ్ సమాధి దగ్గరికి పోండి. నిజాం దగ్గర ఫౌజు నడిపిన ఫ్రెంచి కమాండరు. 1798లో చచ్చిండు. ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన గోరీని సర్కారు వారసత్వ సంపద అని కాపాడుతున్నది. మూసారాంబాగ్ అనే పేరు ఆయన నుంచే వచ్చిందంటరు. కాపాడాల్సిందే, నేను వద్దనను. ఫిరంగులు పోయించిన తెల్ల సిపాయి సమాధి చరిత్ర అయితే, అక్షరాలు మోసుకొచ్చిన నల్ల ఉపదేశి సమాధి చరిత్ర ఎందుకు కాదు? 2017లో తెలంగాణ వారసత్వ సంపద చట్టం వచ్చింది. కోటలు, గడీలు, బురుజులు, మెట్లబావులు అన్నీ చరిత్రే. ఆ గడీల్లో వెట్టి చేసి చచ్చినోని బొంద మాత్రం ఖాళీ జాగ.

రెండో వాదన: ఇది భూమి తగాద, రోడ్డు తగాద, దీనికి కులం ఏం సంబంధం? దీనికి జవాబు నేను చెప్పనక్కరలేదు, జన్వాడ చెపుతది. రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలం జన్వాడ. 2024 ఫిబ్రవరి 13. అక్కడిది మెథడిస్టు చర్చి, ప్రార్థనకు వచ్చేది మాదిగ కుటుంబాలు. రోడ్డు వెడల్పు చేస్తమని చర్చి జాగలకు వచ్చిన్రు. ఇదేందని అడిగిన్రు. అడిగినందుకు వందల మంది రాళ్ళు, కట్టెలు పట్టుకోని చర్చి మీద పడ్డరు. ఆడోళ్ళు, పిల్లలు దెబ్బలు తిన్నరు. జై శ్రీరాం అని అరిచిన్రు. కులం పేరుతోని తిట్టిన్రు. ఆఖరికి పోలీసులు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టాల్సి వచ్చింది. రోడ్డు తగాదలో కులం తిట్లు ఎందుకొచ్చినయి? రోడ్డుకు అడ్డమొచ్చిన ఊరి గుడిని జరపడానికి అయితే ఏండ్లకేండ్లు మాట్లాడుతరు, పూజలు చేస్తరు, ముహూర్తం చూస్తరు. మా గుడికి ముహూర్తం లేదు, రాయి ఉంటది.

అదే ఏడు ఏప్రిల్ 16న మంచిర్యాల జిల్లా కన్నెపల్లిలో మదర్ థెరిసా పేరు మీదున్న హైస్కూలు మీద గుంపు పడ్డది. నేను పని చేసే పాత ఆదిలాబాద్ జిల్లానే అది. హనుమాన్ దీక్ష బట్టల్లో వచ్చిన పిల్లలను తల్లిదండ్రులను తీసుకరమ్మని అడిగిన్రన్నది కారణం. అద్దాలు పలగ్గొట్టిన్రు. గేటు దగ్గరి మదర్ థెరిసా విగ్రహం మీద రాళ్ళు విసిరిన్రు. ఫాదర్‌ను కొట్టి, నుదుట బలవంతంగ బొట్టు పెట్టిన్రు. పోలీసులు ఏం చేసిన్రు? రాళ్ళేసినోళ్ళ మీదనే కాదు, బడి యాజమాన్యం మీద కూడ కేసు పెట్టిన్రు. నేను టీచరును. బడి యూనిఫాం గురించి తల్లిదండ్రులను పిలువడం నా పనిలో రోజూ ఉండేది. ఆ రోజు సాయంత్రం మా స్టాఫ్ రూంలో ఒక్కరూ మాట్లాడలేదు. వాళ్ళ మౌనం నాకు అర్థమైంది. నా మౌనానికి ఈ వ్యాసమే ముగింపు.

మూడో వాదన అన్నిటికంటే పాతది: మీది పరాయి మతం, బొంద పెట్టుడు మన సంస్కృతి కాదు. ఈ మాట అనేటోళ్ళు ఒక్క దీపావళి రాత్రి కరీంనగర్ కార్ఖానగడ్డ బొందలగడ్డకు పోవాలె. ఊరంతా ఇండ్లల్ల లక్ష్మీపూజ చేసే రాత్రి అక్కడ దళిత కుటుంబాలు సమాధుల మధ్యన దీపాలు పెడతయి. వారం ముందునుంచే గోరీలు కడిగి, సున్నం వేసి, పూలదండలు వేస్తరు. పోయినోళ్ళకు ఇష్టమైన తిండి పెడతరు. పిల్లలు గోరీల నడుమ పటాకులు కాలుస్తరు. దశాబ్దాల సంది నడుస్తున్న పండుగ ఇది. వాళ్ళు క్రైస్తవులు కాదు, హిందువులని రాసుకున్న దళితులు. మేము ఈస్టరు తెల్లారుజామున చేసేది, వాళ్ళు దీపావళి రాత్రి చేసేది ఒక్కటే పని. తాతను యాది చేసుకునుడు. కట్టెలు కొనలేని కులాలు మట్టిని నమ్ముకున్నయి. మట్టిల పెట్టినోన్ని మట్టి మీద గుర్తు పెట్టుకున్నయి. ఇది మిషనోళ్ళు నేర్పింది కాదు. మిషనోళ్ళు ఆ గుర్తు మీద అక్షరం చెక్కడం నేర్పిన్రు.

ఆడోళ్ళు స్మశానానికి పోవద్దని ఊరి శాస్త్రం. మా ఆడోళ్ళు పోతరు. మట్టి పోస్తరు, ఏడుస్తరు, పాట పాడుతరు, ఏటేటా పోయి గడ్డి పీకుతరు. శిలువలు విరిగిన సంగతి మొదట చూసింది కూడ గడ్డి కోతకు పోయిన ఆడోళ్ళే.

ఇంకో మాట. ఊర్లో ఎవరు చచ్చినా బొంద తవ్వేది ఎవరు? కాష్టానికి కట్టెలు మోసేది ఎవరు? డప్పు కొట్టేది ఎవరు? చావు కబురు మోసుకోని ఊరూరు ఉరికింది ఎవరు? హరిశ్చంద్రుడు కాటికాపరి అయితే కన్నీళ్ళు పెట్టుకుంటరు. రాజు ఆ పని ఒక్క కథల చేసినందుకే అంత ఏడుపు. మా తాతలు తరతరాలు చేసిన్రు, ఒక్క చుక్క రాలలేదు. ఆ నాటకంలో కాటి సీనుల పద్యాలకు వన్స్‌మోర్ కొడతరు కదా. ఆ శ్మశానం పద్యాలు రాసినాయన గుర్రం జాషువా. దళితుడు, క్రైస్తవుడు. ఆయన పద్యానికి చప్పట్లు, ఆయన కులపోళ్ళ శ్మశానానికి గడ్డపార. మీ రసికత అంత గొప్పది.

2019 తర్వాత పల్లె ప్రగతి కింద ఊరూరా వైకుంఠధామాలు కట్టిన్రు. మంచిదే, ఊరికి ఒక పద్ధతైన శ్మశానం కావాలె. ఆ పేరు ఒక్కసారి చదవండి. వైకుంఠం ఎవరిది? కట్టింది దహనానికి గద్దెలు. బొంద పెట్టుకునే కులాలకు, ముస్లింలకు, క్రైస్తవులకు ఆ సర్కారు వైకుంఠంలో జాగెక్కడ? మా దిక్కు కొన్ని ఊర్లల్ల మా పాత బొందలగడ్డ పక్కన్నే అది కట్టి, 'ఇగ అందరికి ఒకటే కదా, ఆ పాత జాగ ఎందుకు' అనడం మొదలైంది. సమానత్వం అనే మాట మా జాగ దగ్గరికి వచ్చినప్పుడే వీళ్ళకు యాదికొస్తది. పాత జాగ ఇప్పుడు రోడ్డు పక్కకు వచ్చింది. గజం ధర పెరిగింది. శిలువలు విరుగుడు అప్పుడే మొదలైంది. గుర్తులు పోతే అది బొందలగడ్డ కాదు, ఖాళీ జాగ. ఖాళీ జాగకు ప్లాటు నంబరు పడ్తది. భూమి తగాద అంటున్నరు కదా, ఒప్పుకుంటున్న, భూమి తగాదే. భూమి మా చేతిల ఎందుకు లేదో, సచ్చినంక దొరికిన ఆరడుగులు సుత ఎందుకు నిలువదో అదే కులం కథ.

చట్టం ఏమంటది? ప్రార్థనాస్థలాన్ని పాడుచేస్తే, బొందలగడ్డలకు చొరబడి చచ్చినోళ్ళను అవమానిస్తే శిక్ష ఉన్నది. పాత పీనల్ కోడులో 295, 297 సెక్షన్లు. 2024 జూలై 1 నుంచి న్యాయ సంహితలో అవి 298, 301. అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణ 2016లో అమలుకు వచ్చింది. దాని ప్రకారం ఎస్సీ, ఎస్టీలు పవిత్రంగ చూసుకునే వస్తువును ధ్వంసం చేయడం నేరం. శ్మశానం అందరితో సమానంగ వాడుకోనియ్యకపోవడం నేరం. కాగితం మీద లోటు లేదు. మేము స్టేషనుకు పోంగనే అడిగే మొదటి ప్రశ్న వేరే ఉంటది. 'మీరు క్రిస్టియన్లు గదా, ఎస్సీలు ఎట్లయితరు?'

ఈ ప్రశ్న 1950 ఆగస్టు 10న పుట్టింది. రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా: హిందువు కానోడు షెడ్యూల్డు కులపోడు కాడు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచిన్రు. క్రైస్తవులకు, ముస్లింలకు మూసే ఉంచిన్రు. రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ పేరా తీసెయ్యమని 2007లో చెప్పింది, ఆ నివేదిక మీద దుమ్ము పేరుకపోయింది. మన దగ్గర క్రైస్తవం తీసుకున్న ఎస్సీ బీసీ-సి అయితడు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో, మతం మారినోనికి అత్యాచారాల చట్టం రక్షణ లేదని తీర్పు చెప్పింది. క్రైస్తవంలో కులం లేదు కాబట్టి అని తర్కం. బాగుంది. ఆ తర్కం మా ఊరి హోటలాయనకు, మా ఊరి పటేలుకు, శిలువ విరిచినోనికి ఎవరు చెప్పాలె? కొట్టేటోడు మేము బైబిలు పట్టుకున్నమా, బతుకమ్మ పేర్చినమా అని చూసి కొడుతలేడు. ఏ వాడ నుంచి వచ్చినమో చూసి కొడుతున్నడు. దెబ్బ తినేటప్పుడు మాదిగ, కేసు పెట్టేటప్పుడు క్రైస్తవుడు. గుడి కట్టుకుంటే 'మతం మారిన్రు', కాగితం అడిగితే 'కులం పోయింది'. మీ రెండు నాల్కల మధ్య మా బతుకు.

ఈ తర్కం ఎంత దూరం పోతదో తెలుసుకోవాల్నంటే గోదావరి, ఇంద్రావతి దాటి బస్తర్‌కు పోవాలె. దర్భా దిక్కు ఛింద్‌వాడ అనే ఊరు. 2025 జనవరి 7న ఒక పాస్టరు చనిపోయిండు. మహరా కులం, అంటే షెడ్యూల్డు కులమే. ఆయన కుటుంబపోళ్ళ సమాధులు ఆ ఊర్లనే ఉన్నయి. ఈయనను మాత్రం ఆడ పెట్టనియ్యలేదు. పీనుగు 20 రోజులు మార్చురీలో ఉన్నది. కొడుకు హైకోర్టుకు పోయిండు, సుప్రీంకోర్టు దాక పోయిండు. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు రెండు మాటలు చెప్పిన్రు. సొంత పొలంలో పెట్టుకోనియ్యండని ఒకరు, వీల్లేదని ఒకరు. ఆఖరుకు ఇరవై కిలోమీటర్ల అవతల ఇంకో ఊరి క్రైస్తవ శ్మశానంలో పెట్టమన్నరు. కన్న తండ్రికి మట్టి పోసేటందుకు దేశంలో అన్నిటికంటే పెద్ద కోర్టు మెట్లెక్కిన కొడుకు, సొంత ఊరి మట్టి దొరకకుంట తిరిగొచ్చిండు. రేపు మా ఊర్లో ఇట్ల జరగదని ఎవరు హామీ ఇస్తరు?

ఇప్పటిదాక బయటోళ్ళతో మాట్లాడిన. ఇగ ఇంటోళ్ళతో మాట్లాడాలె.

చర్చి పెద్దలారా, మీరు ఈ దాడుల గురించి 'శత్రువులను ప్రేమించండి' అని ప్రసంగం చెప్పి ఊరుకుంటున్నరు. ప్రేమించండి, కాదనను. ప్రేమించేటోడు ఫిర్యాదు రాయొద్దని ఏ వాక్యంలో ఉన్నది? ఆదాయమొచ్చే మిషన్ జాగలు లీజులకిచ్చేటప్పుడు, కాంప్లెక్సులు కట్టేటప్పుడు మీకు ఉన్న చురుకు బొందలగడ్డకు ప్రహరీ కట్టిచ్చే కాడ ఎందుకు లేదు? కమిటీ ఎలక్షన్లకు కోర్టుల చుట్టూ తిరుగుతరు, మా పాత రిజిష్టర్లను చెదలు తింటుంటే ఒక్కరు చూడరు. ఇంకా లోపలికి పోదాం. గుడిలో మాలోళ్ళ దిక్కు, మాదిగోళ్ళ దిక్కు ఇంకా ఉన్నదా లేదా? కొన్ని చోట్ల బొందలు సుత వరుసలు వేరుగా ఉన్నయా లేవా? సచ్చినోళ్ళ నడుమ సుత గట్టు పెట్టుకున్నోళ్ళం, గట్టు మీదికి శత్రువు వచ్చినప్పుడు ఎట్ల కలిసి నిలబడతం? మాలోళ్ళ శిలువలు విరిగితే మాదిగోళ్ళు, మాదిగోళ్ళవి విరిగితే మాలోళ్ళు 'మనది కాదులే' అనుకుంటే విరిచెటోనికి గడ్డపార బరువు సగం తగ్గుతది.

అంబేడ్కర్ సంఘాల అన్నలారా, మీరు విగ్రహానికి వేలు తగిలితే రోడ్డెక్కుతరు. ఎక్కాల్సిందే. మన తాతల శిలువ విరిగితే 'అది చర్చోళ్ళ సంగతి' అంటున్నరు. విగ్రహం ఒక మనిషి పేరు నిలబెడుతది. బొందలగడ్డ వాడంత పేర్లు నిలబెడుతది. రెండింటి మీద చెయ్యేసేటోడు ఒక్కడే.

సమాధికి ఎంత బలమున్నదో చుండూరు దళితులకు తెలుసు. 1991 ఆగస్టు 6న తమ మనుషులను నరికి గోనెసంచుల్లో కట్టి కాలువల్లో పారేస్తే, వాళ్ళు ఆ పీనుగులను ఊరవతలి శ్మశానానికి తీసుకపోలేదు. ఊరి నడుమ పెట్టిన్రు. దానికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నరు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. తీర్పు కొట్టేసిన్రు గని రక్తక్షేత్రాన్ని కొట్టెయ్యలేకపోయిన్రు. కోర్టు కాగితంల లేని సాక్ష్యం ఆ మట్టిల ఉన్నది. మట్టిల సాక్ష్యం ఉంటదని మా శత్రువులకు మాకంటె బాగ తెలుసు. అందుకే గడ్డపార పట్టుకొస్తున్నరు.

మాకు కావాల్సింది సానుభూతి కాదు. శాంతి కమిటీ ఫోటో కాదు. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో దళితుల బొందలగడ్డలు, క్రైస్తవులవైనా హిందువులని రాసుకున్నోళ్ళవైనా, ఒక్కొక్కటి సర్వే చెయ్యాలె. హద్దురాళ్ళు పాతి, రెవెన్యూ రికార్డులో శ్మశానమని ఎక్కియ్యాలె. వందేండ్ల నాటి గుళ్ళు, గోరీలను వారసత్వ సంపద కింద లెక్కలకు తేవాలె. శిలువ విరిస్తే 'ఆకతాయి పని' అని రాసే కలాన్ని ఆపి, ఉన్న సెక్షన్లు ఉన్నట్టు పెట్టాలె. 1950 ఉత్తర్వులో మూడో పేరా పోవాలె. చర్చిల పాత రిజిష్టర్లు కాపీలు తీసి వాడవాడకు ఇయ్యాలె.

సర్కారు చేసేదాక మేము కూసోము. సెలవుల్లో మా వాడ పిల్లలకు నేను ఒక పని పెట్టిన. బొందలగడ్డలో మిగిలిన ఒక్కొక్క గోరీ దగ్గర కూసోని పేరు, ఏడు, పని, ఊరు రాసుకుంటున్నరు. విరిగిన ముక్కలు జోడిచ్చి చదువుతున్నరు. రాయి లేని బొందలకు ముసలోళ్ళను అడిగి పేరు రాస్తున్నరు. నూట నలభై పేర్లు దాటినయి. మూడు నకళ్ళు తీసినం. ఒకటి గుడిల, ఒకటి బడిల, ఒకటి మా ఇంట్ల. ముత్తవ్వ పేరు మొదటి పేజీల ఉన్నది.

పోలీసు సారు పెద్దగ చెయ్యకున్రి అన్నడు. ఆయనకు ఒక్క మాట. గుర్తు తెలియని దుండగుల లిస్టు మీరు తయారు చేయండి. గుర్తు తెలిసిన మా పెద్దల లిస్టు మేము తయారు చేస్తున్నం. మీది ఎప్పుడు పూర్తయితదో మాకు తెల్వదు. మాది మాత్రం ఆగదు.